గోడ మీది పాస్‌వర్డు చెరిపేశాం: క్యాంపస్ నెట్‌వర్కు ప్రాజెక్టు డైరీ

జూన్ 9, 2025

సెలవులు. క్యాంపస్ ఖాళీగా ఉంది. పిల్లలు తిరిగొచ్చేలోపు చేతిలో మూడు వారాలున్నాయి. కాలేజీ నెట్‌వర్కును సరిచేయడం రెండేళ్లుగా వాయిదా పడుతున్న పని, ఈసారి వదలదల్చుకోలేదు.

ఔటర్ రింగు రోడ్డు దాటాక ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్కు చూసుకునేది నేనే. దాదాపు 1,800 మంది విద్యార్థులు, 140 మంది సిబ్బంది, వెనకాల హాస్టలు. అందరికీ ఒకటే వైఫై, ఒకటే పాస్‌వర్డు. ప్రతి క్లాసు గది గోడ మీద మార్కర్‌తో రాసి ఉంటుంది. మూడేళ్ల కిందట పాసై వెళ్లినవాళ్లకీ తెలుసు, గేటు బయట చాయ్ బండి అతనికీ తెలుసు.

మార్చిలో ఇంటర్నల్ ప్రాక్టికల్స్ నాడు మూడు ల్యాబుల్లో ఒకేసారి నెట్టు పోయింది. రెండు గంటలు వెతికితే తేలిందేమిటంటే, హాస్టల్లో ఒకబ్బాయి ఇంటి నుంచి తెచ్చుకున్న రౌటరును గోడ సాకెట్‌కు తగిలించాడు. అదీ కేబులు పెట్టకూడని పోర్టులో పెట్టాడు. నెట్‌వర్కులోకి వచ్చే ప్రతి పరికరానికీ నీ చిరునామా ఇది, బయటికి దారి ఇది అని చెప్పే పని డీహెచ్‌సీపీ సర్వరుది. ఎవరు ముందు జవాబిస్తే పరికరం వాళ్ల మాటే నమ్ముతుంది. ఆ చిన్న రౌటరు మా సర్వరు కంటే ముందు జవాబిస్తూ పోయింది. ల్యాబ్ కంప్యూటర్లన్నీ 192.168.0 తో మొదలయ్యే చిరునామాలు తీసుకుని, ఎటూ వెళ్లలేక కూర్చున్నాయి.

ఆ అబ్బాయికి మెమో ఇచ్చారు. నాకది సబబనిపించలేదు. 18 ఏళ్ల పిల్లాడు 1,200 రూపాయల డబ్బాతో కాలేజీ మొత్తాన్ని ఆపగలిగాడంటే, తప్పు నెట్‌వర్కు కట్టిన తీరుది.

ఇవాళ క్యాంటీన్‌లో కూర్చుని, నా సొంత ల్యాప్‌టాప్‌తో ఒక మామూలు విద్యార్థికి ఏమేం అందుతాయో చూశాను. అకౌంట్స్ ప్రింటరు కనిపించింది. వేలిముద్రల హాజరు యంత్రం కనిపించింది. సీసీ కెమెరాల డబ్బా లాగిన్ పేజీ తెరుచుకుంది, దానికి కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డే ఇప్పటికీ పనిచేస్తోంది. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది పరీక్షల విభాగం కంప్యూటరు. అందులో ఒక ఫోల్డరు షేరింగ్‌లో పెట్టి ఉంది. తెరవలేదు. పేరు చూసి మూసేశాను.

జూన్ 13

ప్రిన్సిపాల్ సార్‌కు ఆ స్క్రీన్ చూపించాను. చాలాసేపు చూశారు. "అయితే పిల్లల ఫోన్లు బంద్ చేద్దామా?" అన్నారు. ముందు ఎవరైనా అడిగేది అదే. కాని హాజరు యాప్‌లో ఉంది, నోట్సు ఫోన్లో ఉంటాయి, ప్రాజెక్టు ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. బంద్ చేస్తే ప్రతివాడూ హాట్‌స్పాట్ పెట్టుకుంటాడు, అప్పుడు మనకు ఏమీ కనిపించదు. "ఫోన్లు రానిద్దాం సార్, వాటికి ఏది అందాలో మనం తేల్చుదాం" అన్నాను. ఒప్పుకున్నారు. డబ్బు మాత్రం తక్కువే: ఎనిమిది మేనేజ్డ్ స్విచ్‌లు (కేబుళ్లను కలిపే, పోర్టు పోర్టుకూ నియమం పెట్టగలిగే డబ్బాలు), కొంత కేబులు. సర్వరుకు ల్యాబ్ నుంచి తీసేసిన పాత డెస్క్‌టాప్ వాడుకోవాలి.

జూన్ 17

కేబుళ్లు వెతకడంతోనే నాలుగు రోజులు పోయాయి. ఏ వైరు ఎటు పోతుందో రాసిన కాగితం ఎవరి దగ్గరా లేదు. మా ల్యాబ్ అసిస్టెంటు అన్న పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్నాడు, సగం దారులు ఆయనకు నోటికే తెలుసు. ఆయన ఒక కొస లాగుతాడు, ర్యాక్ దగ్గర నేను కదిలిన వైరు పట్టుకుని చీటీ అంటిస్తాను.

రెండో అంతస్తులో జిరాక్స్ మిషను వెనక దుమ్ములో ఒక చిన్న స్విచ్ దొరికింది. మా జాబితాలో లేదు. దాని లైట్లు టకటకా వెలుగుతున్నాయి. "ఇది ఎవరు పెట్టిన్రో, ఎప్పుడు పెట్టిన్రో, దేవునికెరుక సార్" అన్నాడు అన్న. దానికి అతుక్కుని పరీక్షల విభాగం కంప్యూటరు, దాని పక్కనే గెస్ట్ లెక్చరర్లు కూర్చునే టేబుల్ సాకెట్టు. అంటే బయటి నుంచి వచ్చిన ఎవరి ల్యాప్‌టాప్ అయినా ఆ కంప్యూటరు పక్కన భుజానికి భుజం ఆనించి కూర్చున్నట్టే. రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్ దాకా కూడా పోనక్కర్లేదు.

సాయంత్రం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీకి పోయి కన్సోల్ కేబులు, క్రింపింగ్ టూలు, రెండు డబ్బాల కనెక్టర్లు కొన్నాను.

జూన్ 21

నెట్‌వర్కును ఆరు ముక్కలు చేశాను. ఆఫీసు, పరీక్షల విభాగం ఒకటి. ల్యాబులు ఒకటి. సిబ్బంది సొంత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఒకటి. విద్యార్థులవి ఒకటి. అతిథులు. ఇక కెమెరాలు, హాజరు యంత్రాలు, ప్రింటర్లు విడిగా. స్విచ్‌లు అవే, వైర్లు అవే, వీలాన్‌లు (ఒకే వైర్ల మీద విడగొట్టిన నెట్‌వర్కులు) వేరు. ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి పోవాలంటే ఫైర్‌వాల్ గుండానే పోవాలి, అక్కడ ఏది రాసి ఉంటే అదే దాటుతుంది.

సొంత పరికరాల ముక్కలకు నేను రాసిన నియమం చిన్నది: ఇంటర్నెట్, లైబ్రరీ సర్వరు, పాఠాల పోర్టలు. అంతే. ప్రిన్సిపాల్ సార్ ఫోనుకూ అదే వర్తిస్తుంది. ఆయన ఫోను కూడా ఆయన ఇంట్లో, పెళ్లిళ్లలో, ఎయిర్‌పోర్టులో తిరిగి వచ్చేదే కదా. హోదాను బట్టి పరికరం శుభ్రంగా ఉండదు.

విద్యార్థుల ముక్కలో ఒకరి పరికరం ఇంకొకరికి కనిపించకుండా క్లయింట్ ఐసోలేషన్ పెట్టాను. 2017 మేలో వచ్చిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై నాకు బాగా గుర్తు. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. అయినా అప్‌డేట్ చేయని ఒక మిషను దొరికితే చాలు, విండోస్ ఫైళ్లు పంచుకునే 445 పోర్టు గుండా పక్క మిషనుకు తనంతట తాను పాకిపోయింది. ఎవరూ ఏదీ నొక్కాల్సిన పని లేకపోయింది. క్లాసులో 60 ల్యాప్‌టాప్‌లు ఒకదానికొకటి కనిపిస్తుంటే అలాంటిదానికి పరిచిన చాప అవుతుంది.

చిరునామాల లెక్క కూడా ఇప్పుడే సరిచేశాను. ఒక్కొక్కరికి ఫోను, ల్యాప్‌టాప్ వేసుకున్నా 3,600 కావాలి. /24 సైజు నెట్‌వర్కులో 254 మాత్రమే పడతాయి. విద్యార్థులకు అంతకంటే పెద్దదైన /20 ఇచ్చాను, 4,094 వస్తాయి. చిరునామా గడువు ఇన్నాళ్లూ 24 గంటలుంది. పొద్దున వచ్చి పదకొండింటికి వెళ్లిపోయినవాడి చిరునామా కూడా రాత్రంతా వాడి పేరుమీదే ఉండిపోయేది. దాన్ని 2 గంటలు చేశాను. "మధ్యాహ్నం నెట్టు రాదు" అని ఏడాదిగా వింటున్న ఫిర్యాదుకు కారణం ఇదేనని ఇప్పుడు తెలిసింది.

స్విచ్‌లన్నిటి మీదా డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేశాను. మా సర్వరున్న పోర్టు నుంచి తప్ప, వేరే ఏ పోర్టు నుంచి చిరునామాలు పంచే జవాబు వచ్చినా స్విచ్ అక్కడికక్కడే పారేస్తుంది. మార్చిలో ఇది ఉండి ఉంటే ఆ అబ్బాయికి మెమో వచ్చేది కాదు.

జూలై 5

ఇవాళ ఒక వారం శ్రమ వృథా అయింది.

నా మొదటి ఆలోచన, ప్రతి విద్యార్థీ తన పరికరాల మ్యాక్ అడ్రసులు (ప్రతి పరికరానికీ తయారీలోనే ఇచ్చే నంబర్లు) ఒక ఫారంలో ఇస్తే వాటినే లోపలికి రానివ్వాలని. దాదాపు 400 మంది ఇచ్చారు. మొదటి ముప్పై మందితో పరీక్ష పెడితే నలుగురికి మాత్రమే వైఫై కలిసింది. పిల్లలు తప్పు రాశారనుకున్నాను. ఒకమ్మాయి ఫోను చేతికి తీసుకుని, 'అబౌట్ ఫోన్'లో ఉన్న నంబరు, నా స్క్రీన్ మీద కనిపిస్తున్న నంబరు పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ వేరు. స్క్రీన్ మీది దాంట్లో మొదటి జంటలో రెండో అక్షరం 'ఏ'. అప్పుడు వెలిగింది. ఆ చోట 2, 6, ఏ, ఈ లలో ఏదైనా ఉంటే అది ఫోను స్వయంగా కల్పించుకున్న చిరునామా అన్నమాట.

2019 లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020 లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత చిరునామా చూపించడం మామూలైంది. షాపింగ్ మాల్‌లో, మెట్రోలో మనిషిని ఆ నంబరు పట్టుకుని వెంబడించకుండా పెట్టిన రక్షణ అది. మంచి పని. నా సౌకర్యం కోసం 1,800 మందిని అది ఆపేయమని చెప్పడం నాకు ఇష్టం లేదు. పైగా మ్యాక్ అడ్రసు కాపీ కొట్టడం నిమిషం పని. ఆ ఫారం తీసేశాను, వచ్చిన వివరాలు తుడిచేశాను.

పరికరాన్ని బట్టి కాకుండా మనిషిని బట్టి గుర్తుపట్టాలి. అంటే 802.1ఎక్స్ అనే పద్ధతి. ప్రతి ఒక్కరికీ వాళ్ల రోల్ నంబరుతో లాగిన్.

జూలై 12

పాత డెస్క్‌టాప్ మీద లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేసి, లాగిన్లు సరిచూసే ఫ్రీరేడియస్ సాఫ్ట్‌వేరు ఎక్కించాను. వైఫైకి రోల్ నంబరు, పాస్‌వర్డు ఇస్తే యాక్సెస్ పాయింటు (వైఫై పంచే డబ్బా) ఆ ఫ్రీరేడియస్‌ను అడుగుతుంది. అది విద్యార్థి అని తేలిస్తే విద్యార్థుల వీలాన్‌లోకి, సిబ్బంది అని తేలిస్తే సిబ్బంది వీలాన్‌లోకి పంపుతుంది. ఒక కాలేజీ లాగిన్‌తోనే వేరే విద్యాసంస్థల్లోనూ వైఫై వాడుకోనిచ్చే ఎడ్యురోమ్‌లో చేరాలనుకున్నా ఇదే పునాది. మన దేశంలో దాన్ని ఎర్నెట్ ఇండియా నడుపుతోంది.

ల్యాప్‌టాప్‌లన్నీ బాగానే కలిశాయి. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు మొండికేశాయి. సర్వరు మా కాలేజీదేనని ఫోనుకు రుజువు చూపే సర్టిఫికెట్ నేనే సొంతంగా తయారుచేసుకున్నది. ఇదివరకు ఫోన్లో 'సర్టిఫికెట్ తనిఖీ వద్దు' అని పెట్టి దాటేసేవాళ్లం. 2020 డిసెంబరు అప్‌డేట్‌తో పిక్సెల్ ఫోన్లలో మొదలుపెట్టి గూగుల్ ఆ ఎంపిక తీసేసింది. పాత ఫోన్లలో ఇంకా ఉంది. "పాత ఫోన్లలో అట్లనే పెట్టుకుందాం సార్, పిల్లలకు అల్కగైతది" అని అడిగాడు మా అన్న. ఎందుకు వద్దో చూపించాను.

నా ల్యాప్‌టాప్‌ను మా కాలేజీ వైఫై పేరుతోనే యాక్సెస్ పాయింటుగా పెట్టాను. తనిఖీ ఆపేసిన నా పాత ఫోన్లో ఒక ఉత్తుత్తి ఖాతా వేసి జేబులో పెట్టుకుని వరండాలో నడిచాను. ఫోను బయటికి కూడా తీయలేదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న అన్న "వచ్చింది సార్!" అని కేకేశాడు. ఫోను తనంతట తాను దొంగ వైఫైకి కలిసి, ఖాతా పేరు చెప్పి, పాస్‌వర్డుతో చేసిన జవాబు కూడా ఇచ్చేసింది. పాస్‌వర్డు ఉన్నదున్నట్టు రాదు గాని, తీరిగ్గా కూర్చుని విప్పుకోవడానికి సరిపడా సరుకు వస్తుంది. ఎంఎస్‌చాప్ వీ2 అనే ఆ పద్ధతి బలహీనతను 2012 లోనే బహిరంగంగా నిరూపించారు. సర్టిఫికెట్ తనిఖీ ఒక్కటే ఫోనుకు నిజమైన కాలేజీ ఏదో చెప్పేది. అన్న ఆ తర్వాత తనే అందరికీ ఇది వివరిస్తున్నాడు, నాకంటే బాగా.

అందరూ గుర్తించే సంస్థ నుంచి సర్టిఫికెట్ తీసుకున్నాను. ఫోన్లో ఏ గడిలో ఏం నింపాలో, డొమైన్ పేరు ఎక్కడ రాయాలో బొమ్మలతో ఒక పేజీ తెలుగులో తయారుచేశాం. పల్లె నుంచి వచ్చి మొదటిసారి హాస్టల్లో చేరిన పిల్లలు ఆ పేజీ చూసి ఎవరినీ అడగకుండా కలుపుకోగలిగారు. గోడల మీది పాస్‌వర్డులు సున్నం కొట్టించి చెరిపేశాం.

జూలై 22

బోనాల సెలవు తర్వాత మీటింగు. యాజమాన్యంలో ఒకరు, సిబ్బంది, విద్యార్థులు అందరి ఫోన్లలో ఒక యాప్ పెట్టిద్దాం, దాంతో ఫోను మొత్తం మన అదుపులో ఉంటుంది అన్నారు. నేను గట్టిగానే వద్దన్నాను. ఫోను వాళ్లు కొనుక్కున్నది. అందులో వాళ్ల బ్యాంకుంది, ఆస్పత్రి రిపోర్టులున్నాయి, ఇంట్లో మాటలున్నాయి. అది చూసే హక్కు మనకు లేదు, చూడగలిగే స్థితి కూడా మనకుండకూడదు.

కాని పరీక్షల మెయిలు, మార్కుల ఫైళ్లు సొంత ఫోన్లో చూసేవాళ్లు తొమ్మిదిమంది ఉన్నారు. వాళ్ల వరకు ఆండ్రాయిడ్ వర్క్ ప్రొఫైల్ పెడదామన్నాను. 2014 లో ఆండ్రాయిడ్ 5 తో వచ్చింది అది. ఫోన్లో ఆఫీసు గది ఒకటి వేరుగా కడుతుంది. ఫోను పోతే ఆ గది ఒక్కటే చెరిపేయొచ్చు.

ఒక మేడం అడిగారు: "సార్, మా పాప ఫోటోలు మీకు కనపడతాయా?"

"కనపడవు మేడం. మీ వాట్సాప్ కూడా కనపడదు. బ్రీఫ్‌కేసు బొమ్మ ఉన్న యాప్‌లు మాత్రమే మావి."

ఆమె ఫోనే తీసుకుని, నా అడ్మిన్ స్క్రీన్ ఆమె ముందే తెరిచి చూపించాను. ఫోటోలు వెతకమన్నారు. వెతికాను. ఆ చోటే లేదు. అప్పుడు ఒప్పుకున్నారు, మిగతా ఎనిమిదిమందికీ ఆమే చెప్పారు.

ఆగస్టు 11

నిన్న రాత్రి 2:40 కి మార్కుల పోర్టల్లోకి ఒక అధ్యాపకురాలి ఖాతాతో విదేశీ చిరునామా నుంచి లాగిన్ జరిగింది. పొద్దున లాగ్ (ఎవరు ఎప్పుడు వచ్చారో రాసే చిట్టా) చూస్తూ పట్టుకున్నాను. మార్కులేవీ మారలేదు.

ఆమె వాడేది ఇంట్లో ల్యాప్‌టాప్. వారం కిందట వాళ్లబ్బాయి అందులో ఒక ఆటకు క్రాక్ డౌన్‌లోడ్ చేశాడు, అది నడవడానికి యాంటీవైరస్ ఆపమంటే ఆపాడు. దాంతో వచ్చింది పాస్‌వర్డులు దొంగిలించే మాల్వేరు. బ్రౌజరులో సేవ్ చేసి ఉన్నవన్నీ, తెరిచి ఉన్న లాగిన్లతో సహా మూటగట్టుకుని పోయింది.

నేను రెండు నెలలుగా కట్టిన గోడలేవీ దీన్ని ఆపలేవు. ఆ ల్యాప్‌టాప్ మా నెట్‌వర్కులోకి అడుగే పెట్టలేదు. 2022 లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డుల కంపెనీకి జరిగిందీ ఇలాంటిదే: ఒక ఇంజనీరు ఇంటి కంప్యూటర్లో పాత మీడియా సాఫ్ట్‌వేరు లోపం గుండా దూరి, నొక్కిన మీటలన్నీ రాసుకునే కీలాగర్ పెట్టి, కంపెనీ ఖజానా తాళం కాజేశారు.

ఆమె ఏడుస్తూ వచ్చారు. ముందు బ్యాంకుకు ఫోన్ చేయించాను. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 కి చేయాలి, అదృష్టం బాగుండి పోలేదు. నా కంప్యూటర్లో కూర్చోబెట్టి, అన్ని చోట్లా తెరిచి ఉన్న సెషన్లు ముందు తీసేసి, తర్వాత పాస్‌వర్డులు మార్పించాను. రెండూ చేయడం ముఖ్యం. పాస్‌వర్డు మార్చి సెషన్ వదిలేస్తే చాలాచోట్ల దొంగ లోపలే ఉంటాడు. ఆ ల్యాప్‌టాప్ పూర్తిగా చెరిపి విండోస్ మళ్లీ వేశాం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటివి గమనించిన 6 గంటల్లో తెలపాలి. మధ్యాహ్నంలోపే పంపాం.

అబ్బాయిని తిట్టొద్దని చెప్పాను. వాడు ముందే చాలా భయపడి ఉన్నాడు.

సాయంత్రానికి పోర్టలుకు, మెయిలుకు రెండంచెల లాగిన్ తప్పనిసరి చేశాం. జూన్‌లోనే చేయాల్సింది. స్విచ్‌ల పనిలో పడి దీన్ని వెనక్కి నెట్టాను. అది నా పొరపాటే.

సెప్టెంబరు 8

వినాయక నిమజ్జనం అయ్యాక మొదటి పనిదినం. చిన్న చిన్నవి. ఐసోలేషన్ వల్ల సార్లు ఫోను నుంచి ప్రొజెక్టరుకు స్క్రీన్ పంపలేకపోతున్నారు. గదికో హెచ్‌డీఎంఐ కేబులు వేయించాను.

గడియారాల సంగతి మాత్రం పెద్దదే. ఆగస్టు ఘటన అప్పుడు కెమెరా డబ్బా టైము ఫైర్‌వాల్ టైముకు 7 నిమిషాలు వెనక ఉంది. ఎవరు ఎప్పుడు ఏం చేశారో కలిపి చూడాలంటే ఆ 7 నిమిషాలు మొత్తం కథను తారుమారు చేస్తాయి. అన్ని పరికరాలనూ కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐసీ సమయ సర్వరుకు కట్టాను. లాగ్‌లు 180 రోజులు దాచే ఏర్పాటు కూడా చేశాను, రెండూ సెర్ట్-ఇన్ ఆదేశాల్లో ఉన్నవే. ఏం దాస్తామో నోటీసు బోర్డులో తెలుగులో పెట్టాం: రోల్ నంబరు, ఇచ్చిన చిరునామా, వచ్చిన టైము, పోయిన టైము. ఏం చదివారు, ఎవరితో మాట్లాడారు అన్నది దాచం.

అక్టోబరు 14

ఇవాళ్టితో విండోస్ 10 కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. మూడో సంవత్సరం సీఎస్‌ఈ ఒక్క సెక్షన్‌లో లెక్క వేస్తే 64 లో 23 ల్యాప్‌టాప్‌లు అవే. ఎక్కువ భాగం సెకండ్ హ్యాండ్. విండోస్ 11 కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరు కావాలి, వీటికి లేవు. ఒకబ్బాయి వాళ్ల నాన్న పత్తి అమ్మిన డబ్బుతో కొనిచ్చిన ల్యాప్‌టాప్. దాన్ని నెట్‌వర్కు నుంచి తీసేయమని చెప్పే నోరు నాకు రాదు.

మైక్రోసాఫ్ట్ వ్యక్తిగత వాడకందార్లకు 2026 అక్టోబరు 13 దాకా అదనపు భద్రతా అప్‌డేట్లు ఇస్తోంది. సెట్టింగుల్లో పేరు నమోదు చేసుకోవాలి. రెండు మధ్యాహ్నాలు ల్యాబులో కూర్చుని 19 మందికి చేయించాం. మిగతా నలుగురు లినక్స్ అడిగారు, వేశాం. పత్తి రైతు కొడుకు ల్యాప్‌టాప్ ఇప్పుడు మునుపటికంటే తొందరగా లేస్తోంది.

అక్టోబరు 25

రాత్రి 9:20 కి హాస్టల్ రెండో అంతస్తు స్విచ్ నుంచి హెచ్చరిక. 17 వ పోర్టులో ఎవరో చిరునామాలు పంచుతున్నారు, స్విచ్ పారేస్తోంది. నెట్టు ఎక్కడా ఆగలేదు. ఇంటి నుంచే చూశాను, పొద్దున వెళ్లాను.

వరండా చివరి గది. మార్చిలో మెమో తీసుకున్న అబ్బాయే. రౌటరు చేతిలో పట్టుకుని గోడకు అంటుకుపోయి నిలబడ్డాడు.

"మళ్లీ ఎందుకు పెట్టినవ్ తమ్ముడూ?"

"సార్, ఈ మూలకు సిగ్నలే రాదు. మంచం మీద కూసుంటే ఒక్క గీత. రాత్రి వీడియో లెక్చర్లు ఆగిపోతయ్. మార్చిల కూడా అందుకే పెట్టిన, ఎవ్వరడగలే."

ఫోను తీసి కొలిచాను. వరండా మధ్యలో -58 ఉన్న సిగ్నలు అతని మంచం దగ్గర -84. సున్నాకు ఎంత దూరమైతే అంత బలహీనం. మధ్యలో బాత్రూముల గోడలు, వాటి మీద నీళ్ల ట్యాంకు. ఆ గదితోపాటు ఇంకో మూడు గదులది ఇదే పరిస్థితి.

అబ్బాయీ నేనూ కలిసి టేపుతో కొలిచాం. స్విచ్ నుంచి ఆ చివరికి 38 మీటర్లు. కేబులు ఉంది. యాక్సెస్ పాయింటు ఒకటి స్టోర్‌లో మిగిలి ఉంది. సోమవారం సాయంత్రం క్లాసులయ్యాక బిగిస్తున్నాం, నిచ్చెన పట్టుకోవడానికి అతనే వస్తానన్నాడు.